సోయి లేకపోవడం సోమరితనం కాదు

(స్కిజోఫ్రేనియా రోగుల కుటుంబ సభ్యుల కోసం)

జబ్బు మొదలైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఎవరూ లేకున్నా తనలో తాను మాట్లాడుకోవడం, పక్కింటివాళ్లు తనకు ఏదో చేస్తున్నారని అనుమానించడం, రాత్రంతా నిద్ర లేకుండా తిరగడం చూసి ఇంటిల్లిపాదీ భయపడ్డారు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అవి తగ్గాయి. చెవిలో వినిపించే మాటలు ఆగిపోయాయి. వేళకు తింటున్నాడు, నిద్రపోతున్నాడు. ఇక మనవాడు మనకు దక్కాడనుకున్నారు.

అంతలో పసుపు పనులు వచ్చాయి. తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోశారు. ఒకరోజు మీరు బయటికి వెళ్తూ అబ్బాయికి ఇలా చెప్పారనుకోండి: "మధ్యాహ్నం పసుపు ఒకసారి తిరగెయ్యి. మబ్బు పడితే పట్టా కప్పు. అంగడికి పోయి రెండు సుతిలి ఉండలు పట్టుకరా. వచ్చేటప్పుడు చిన్నమ్మోళ్ల గిన్నె ఇచ్చిరా." అతను సరే అన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నె ఇంట్లోనే ఉంది, పసుపు కదిలించలేదు, అతను గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఏందిరా, సోయి ఉన్నదా నీకు? తినుడు పండుడు తప్ప ఏం పని లేదా?" అని మీ నోటి నుండి వచ్చేసింది.

చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది. జబ్బు తగ్గిపోయిందనీ, మిగిలింది బద్ధకమేననీ ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అయితే తగ్గింది జబ్బులో ఒక భాగమే. రెండో భాగం ఇంకా ఉంది. అది కేకలు వేయదు, అనుమానించదు కాబట్టి బయటికి కనబడదు. చదువు కొనసాగుతుందా, పని చేసుకోగలడా, సంసారం నిలుస్తుందా అన్నది మాత్రం చాలావరకు ఈ రెండో భాగం మీదే ఆధారపడి ఉంటుంది.

ఏ శక్తులు తగ్గుతాయి?

ఈ సంగతి వైద్యులకు కొత్తది కాదు. 1890లలో జర్మనీ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు పెట్టిన పేరుకు అర్థమే "చిన్న వయసులో మతి క్షీణించడం". అందరిలోనూ మతి అలా క్షీణిస్తూ పోదని తర్వాత తేలింది. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయిలర్ దానికి స్కిజోఫ్రేనియా అని పేరు మార్చాడు. "చీలిన మనస్సు" అని దాని అర్థం. ఈ పేరు వల్ల ఇంకో అపోహ పుట్టింది. ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు ఉండటం ఈ జబ్బు కాదు. "అపరిచితుడు" సినిమాలో చూపించింది వేరే. ఇక్కడ చీలిపోయేది ఆలోచనకు, భావానికి, పనికి మధ్య ఉండే పొందిక. కొరియా దేశంలో 2011లో ఈ జబ్బు పేరు మళ్లీ మార్చి, వాయిద్యం తీగలను శ్రుతి చేయడం అనే అర్థం వచ్చే మాట పెట్టుకున్నారు. జబ్బు స్వభావానికి ఆ మాటే దగ్గరగా ఉంది.

ఎక్కువ మంది రోగులలో ఏకాగ్రత, కొత్త విషయం నేర్చుకునే శక్తి, ఆలోచనలో వేగం, పనిని వరుసలో పెట్టుకునే నేర్పు, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించే శక్తి కొంతవరకు తగ్గుతాయి. వీటిలో కుటుంబాన్ని ఎక్కువగా తికమక పెట్టేది ఒకటుంది. విన్న మాటను పని పూర్తయ్యేవరకు మనసులో పట్టి ఉంచుకునే శక్తి అది. ఎవరైనా ఫోన్ నంబరు చెప్తే రాసుకునేదాకా మీరు నోట్లో అనుకుంటూ ఉంటారు కదా, అదే. పైన చెప్పిన సాయంత్రం అతనికి మీరు నాలుగు పనులు చెప్పారు. మూడోది వినేసరికి మొదటిది జారిపోయింది. ఏది ముందు చేయాలో తేలక కూర్చుండిపోయాడు.

"పదో తరగతి సారు పేరు చెప్తాడు, పాత క్రికెట్ మ్యాచులన్నీ చెప్తాడు, పొద్దున చెప్పిన పని మాత్రం మరిచిపోతాడు, ఇది నాటకం కాదా?" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. నాటకం కాదు. పాత జ్ఞాపకాలు ఉండే పద్ధతి వేరు, ఇప్పుడే విన్నదాన్ని పట్టి ఉంచే పద్ధతి వేరు. మొదటిది బాగుండి రెండోది దెబ్బతినడం ఈ జబ్బులో సాధారణం. అలాగే చేతికి అలవాటైన పనులు చాలావరకు నిలిచి ఉంటాయి. ఒక అమ్మాయి మునుపటిలాగే చకచకా బీడీలు చుడుతుంది, కానీ ఎన్ని కట్టలయ్యాయో, ఎంత ఆకు మిగిలిందో లెక్క చెప్పలేదు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మగవాడు పని మరిచిపోతే బద్ధకమంటారు, కోడలు మరిచిపోతే పొగరంటారు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిందనో, చుట్టాల ముందు మాట్లాడలేదనో పుట్టింటికి పంపించిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ అవసరమైంది పంచాయితీ కాదు, వైద్యుడికి చూపించడం.

మెదడులో ఏం జరుగుతోంది?

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని అంచనా. ఏ పనికైనా మెదడులో ఒక్క చోటు సరిపోదు. దూరదూరంగా ఉన్న భాగాలు జట్టు కట్టి, ఒకే లయలో సంకేతాలు పంపుకుంటేనే పని జరుగుతుంది. ఈ జట్లనే నెట్‌వర్కులు అంటారు.

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు పట్టుకెళ్లిన రోజును తలచుకోండి. హమాలీ ఉన్నాడు, దడ్వాయి ఉన్నాడు, అడ్తిదారు ఉన్నాడు, ఖరీదుదారు ఉన్నాడు. ఎవరి పని వారికి బాగా వచ్చు. కానీ ఖరీదుదారు వచ్చేసరికి బస్తా విప్పలేదు, బస్తా విప్పేసరికి అతను వేరే కుప్ప దగ్గరికి వెళ్లిపోయాడు, దడ్వాయి కాంటా దగ్గర ఖాళీగా నిలబడ్డాడు. పొద్దుగూకేసరికి మీ సరుకు అక్కడే ఉంది. మనుషులకు కొదవ లేదు, వేళలే కుదరలేదు. స్కిజోఫ్రేనియాలో మెదడు భాగాల మధ్య జరిగేది ఇంచుమించు ఇదే.

ఇందులో మూడు జట్ల గురించి మీరు తెలుసుకుంటే చాలు. మొదటిది పని జట్టు. నుదురు వెనుక భాగం, తల పైభాగం కలిసి ఇది ఏర్పడుతుంది. లెక్క చేసేటప్పుడు, దారి గుర్తుపెట్టుకునేటప్పుడు ఇది చురుకవుతుంది. రెండోది తీరిక జట్టు. ఊరికే కూర్చుని మన గురించి మనం, జరిగినవి, జరగబోయేవి ఆలోచించుకునేటప్పుడు పనిచేసేది ఇదే. 2001లో అమెరికా శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం దీని గురించి రాసిన తర్వాత దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఆరోగ్యవంతుడు పనిలో దిగగానే ఈ తీరిక జట్టు సద్దుమణుగుతుంది. బేరం మొదలవగానే చాయ్ హోటల్ దగ్గర ముచ్చట్లు ఆగినట్టు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి పని మధ్యలో కూడా ఆ ముచ్చట్లు పూర్తిగా ఆగవు. మీరు మాట్లాడుతుంటే అతను ఎటో చూస్తూ ఉండటం అమర్యాద కాదు. మీ మాటా, లోపలి మాటా ఒకేసారి నడుస్తున్నాయి.

మూడోది ఏది ముఖ్యమో చెప్పే జట్టు. యార్డులో గంట కొట్టే మనిషి లాంటిది. "ఇప్పుడు ఇది చూడు" అని అది సైగ చేస్తేనే తీరిక జట్టు తగ్గి పని జట్టు లేస్తుంది. ఆ గంట తప్పుడు వేళల్లో మోగితే ఏమవుతుంది? ఎవరో దారిన పోతూ దగ్గితే అది తన కోసమేనని అనిపిస్తుంది. అమ్మ అన్నానికి పిలిస్తే మాత్రం వినబడనట్టే ఉంటుంది. అనుమానాలు, ఏకాగ్రత లోపం పైకి వేరువేరుగా కనిపించినా ఒక మూలం ఇక్కడ ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

లయ అన్నాము కదా. మనం ఒక విషయాన్ని మనసులో పట్టి ఉంచినప్పుడు నాడీకణాల గుంపులు సెకనుకు సుమారు 40 సార్లు కలిసికట్టుగా స్పందిస్తాయి. ఆ తాళం తప్పకుండా చూసేవి కొన్ని చిన్న నాడీకణాలు. ఈ జబ్బులో అవి సరిగా పనిచేయకపోవడం, దానివల్ల తాళం సడలడం పరిశోధనల్లో కనిపించింది.

ఇదంతా ఎందుకు వచ్చిందంటే ఒకే కారణం చెప్పలేము. వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, గర్భంలోనూ కాన్పులోనూ జరిగే ఇబ్బందులు, యౌవనంలో మెదడులో వచ్చే మార్పులు కలిసి కారణమవుతాయి. మక్క చేనులో ఒత్తుగా మొలిచిన మొక్కలను తీసి పలుచన చేసినట్టు, యౌవనంలో మెదడు తనకు అక్కరలేని కలయికలను తీసివేసుకుంటుంది. ఈ జబ్బులో అది మితిమీరి జరుగుతుందని సూచనలున్నాయి. జబ్బు పదిహేను ఏళ్ల నుండి పాతిక ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువగా బయటపడటానికి ఇదొక కారణం కావచ్చు. మీ పెంపకం దీనికి కారణం కాదు. చేతబడి అసలే కాదు.

"స్కానింగులో ఏమీ లేదన్నారు"

సి.టి. స్కాన్, ఎం.ఆర్.ఐ. చేయించి, రిపోర్టు బాగుందని రాగానే "మెదడు బాగుంది, మరి జబ్బెక్కడిది?" అని అడిగేవారున్నారు. ఆ రిపోర్టు గడ్డ, రక్తస్రావం, దెబ్బ లాంటివి లేవని మాత్రమే చెబుతుంది. గోడలు, కప్పు బాగున్నాయని చూసినంత మాత్రాన ఇంట్లో కరెంటు సరిగా వస్తుందని తెలియదు కదా. నెట్‌వర్కుల తేడాలు పరిశోధకులు ఎంతోమంది రోగులను, ఎంతోమంది ఆరోగ్యవంతులను పక్కపక్కన పెట్టి సగటున చూసినప్పుడు బయటపడినవి. ఒక్క మనిషిని స్కాన్ చేసి ఈ జబ్బు ఉందని గానీ లేదని గానీ తేల్చే పరీక్ష ఇంకా రాలేదు. కాబట్టి వైద్యుడు అడగకుండా, అప్పు చేసి మళ్లీ మళ్లీ స్కానింగులు చేయించకండి. ఆ డబ్బు ఏడాది మందులకు వస్తుంది.

మందులు ఏం చేస్తాయి, ఏం చేయవు?

ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజిన్ 1952లో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చింది. నేడు వాడే మందులలో దాదాపు అన్నీ మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రభావాన్ని అదుపు చేస్తాయి. దానివల్ల మాటలు వినిపించడం, అనుమానాలు తగ్గుతాయి. కానీ నుదురు వెనుక ఉన్న పని జట్టు వాటివల్ల పెద్దగా మెరుగుపడదు. ఆలోచనాశక్తిని పెంచే మందు కోసం ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. ఎంతో ఆశ పెట్టుకున్న ఐక్లిపెర్టిన్ అనే మందు కూడా చివరి దశ పరీక్షలలో ఫలితం చూపలేదని 2025 జనవరిలో తెలిసింది.

"అయితే మందులెందుకు, మానేద్దామా?" అనుకోవద్దు. మందు మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎంతో ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతుంది, కొందరు మునుపటి స్థాయికి రానే రారు. కల్లం దాకా వచ్చిన పంట వానపాలైనట్టు, ఏడాది కష్టపడి కూడగట్టిన పనితనం కొట్టుకుపోతుంది. మాత్రలు మరిచిపోయేవారికి రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి వేసే సూది మందులున్నాయి. మరిచిపోవడమే జబ్బు లక్షణమైనప్పుడు సూది వేయించుకోవడంలో నామోషీ ఏముంది?

మందుల గురించి వైద్యుడిని తప్పక అడగవలసిన మాట ఒకటుంది. చేతులు వణకకుండా, ఒళ్లు బిగుసుకుపోకుండా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర ఇస్తారు. పేసిటేన్ అనే పేరుతో చాలామందికి తెలుసు. అవసరమైనవారికి మంచి మందే. అయితే ఎక్కువకాలం వాడితే జ్ఞాపకశక్తి మీద ప్రభావం చూపుతుంది. కొందరు పాత చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మందుల షాపులో అదే కొంటూ ఉంటారు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు "సార్, ఈ మాత్ర ఇంకా అవసరమా, తగ్గించవచ్చా?" అని అడగండి. మీ అంతట మీరు ఆపకండి. పగలంతా మత్తుగా ఉంటే ఆ సంగతీ చెప్పండి. మోతాదో, వేళో మార్చే వీలుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, షుగర్, నిద్రలేమి కూడా మతిమరుపును పెంచుతాయి కాబట్టి ఆ పరీక్షలు చేయించడం మంచిది.

కల్లు సంగతి

మన జిల్లాలో ఇది విడిగా చెప్పక తప్పదు. "కల్లే కదా, సారా కాదు కదా" అని ఇంట్లోవాళ్లే రోగికి పోసిస్తారు, తాగితే మౌనంగా పడుకుంటాడని. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు రసాయనాలు కలుపుతున్నారని ఏళ్లుగా బయటపడుతూనే ఉంది. 2015లో కల్తీ మీద ప్రభుత్వం దాడులు చేసి ఆ రసాయనాలు దొరకకుండా చేసినప్పుడు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో 2025 జూలైలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అల్ప్రాజోలం కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. అసలే లయ తప్పిన మెదడు మీద రోజూ అది పోస్తే, మరుసటి రోజు సోయి లేదని తిట్టి లాభమేమిటి?

రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఆసుపత్రికి తీసుకొచ్చి, వైద్యుడి పర్యవేక్షణలో మాన్పించండి. గంజాయి వెంటనే మానవలసినది. అది జబ్బును నేరుగా తిరగబెడుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. అది పూర్తయ్యాక రెండోది. చెప్పేటప్పుడు టి.వి. ఆపి, ఎదురుగా నిలబడి, చిన్న మాటల్లో చెప్పి, "ఏం చెప్పిన్నో ఒకసారి చెప్పు బిడ్డా" అని తిరిగి చెప్పించుకోండి. జవాబు రావడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపు ఆగండి. మనలో చాలామందికి కష్టమైనది ఇదే.

గుర్తుపెట్టుకునే భారం తల మీద నుండి గోడ మీదికి మార్చండి. లేవడం, స్నానం, మాత్ర, పని, భోజనం రోజూ ఒకే వరుసలో ఉండేలా రాసి గోడకు అంటించండి. చదువు రానివారికి బొమ్మలు చాలు. వారానికి సరిపడా గడులున్న మాత్రల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టండి. ఇవి పిల్లల చేష్టలు అనిపించవచ్చు. కాలు విరిగినవాడికి కర్ర ఇచ్చినప్పుడు మనం అలా అనుకోము.

కొత్త పని నేర్పేటప్పుడు తప్పు చేయనిచ్చి తర్వాత దిద్దే పద్ధతి వీరికి పనిచేయదు. తప్పు చేసిన విధమే మనసులో నాటుకుపోతుంది. పనిని ముక్కలు చేసి, పక్కన కూర్చుని, తప్పు జరగకుండా చేయిపట్టి నేర్పాలి. ఉదాహరణకు పసుపు ఏరడం. మొదటి వారం కొమ్ములు ఒక దిక్కు, మండలు ఒక దిక్కు వేయడం మాత్రమే. అది చేతికి అలవాటైన తర్వాత మట్టి బెడ్డలు ఏరడం, ఆ తర్వాత బస్తా నింపడం. ఉడకబెట్టే కడాయిల దగ్గర, పాలిష్ చేసే డ్రమ్ము దగ్గర మాత్రం మొదట్లో పెట్టకండి. మందుల మత్తు, ఏకాగ్రత లోపం కలిసిన చోట చేతులు కాలుతాయి, వేళ్లు నలుగుతాయి.

రోజూ అరగంట, ముప్పావుగంట వేగంగా నడిపించండి. ఒగురుస్తూ చేసే వ్యాయామం వీరి ఆలోచనాశక్తిని కొంత మెరుగుపరుస్తుందని పరిశోధనల్లో తేలింది. బరువు, షుగర్ కూడా అదుపులో ఉంటాయి. ఎవరైనా వెంట నడిస్తేనే ఇది సాగుతుంది. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెంచే శిక్షణ కొన్ని మానసిక వైద్య కేంద్రాల్లో ఇస్తారు. ఆ శిక్షణ ఒక్కటే ఇస్తే వచ్చే లాభం తక్కువ, దానితోపాటు నిజమైన పనిలో పెడితే ఎక్కువ.

తిట్ల విషయం. జబ్బు తగ్గి ఇంటికి వెళ్లినవారిలో, ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉన్న ఇళ్లకు వెళ్లినవారికే జబ్బు తొందరగా తిరగబెడుతోందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు దశాబ్దాల కిందటే గమనించాడు. మీకు కోపం రావడం సహజం. రెండెకరాలు చూసుకుంటూ, మందులు కొంటూ, ఊరి మాటలు పడుతూ ఉన్నారు. కోపం వచ్చినప్పుడు ఇంకొకరికి అప్పగించి కాసేపు బయటికి వెళ్లండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రికి, అన్నకు కూడా ఈ సంగతి చెప్పండి. వారానికోసారి ఫోన్ చేసి "ఇంకా ఏం పని చేస్తలేవా?" అని అడిగే ఒక్క ప్రశ్న వారమంతా అతని తలలో తిరుగుతుంది.

గల్ఫ్ అనగానే ఇంకో మాట. "దుబాయ్ పంపితే బాగుపడతాడు", "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనేవాళ్లు మన దగ్గర ఎక్కువ. రెండూ మందులు కావు. కొత్త దేశం, కొత్త భాష, రాత్రి డ్యూటీలు, మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి లేకపోవడం, ఇవన్నీ దెబ్బతిన్న ఆ శక్తుల మీదే పడతాయి. పెళ్లి చేయకూడదని కాదు. జబ్బు అదుపులో ఉండి, తన పనులు తాను చేసుకుంటున్నప్పుడు, అవతలివారికి జబ్బు సంగతి ముందే చెప్పి చేయాలి.

పసుపు పనిచేస్తుందా?

పసుపు పండించే ఊళ్లవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పసుపులోని కర్కుమిన్‌ను మందులకు తోడుగా ఇచ్చి కొన్ని చిన్న పరీక్షలు చేశారు. కొంత ఆశ కనిపించింది, కానీ పాల్గొన్న రోగులు తక్కువ. వైద్యంగా చెప్పదగినంత రుజువు లేదు. కూరలో వేసుకోండి. మాత్రల బదులు మాత్రం వద్దు.

తర్వాత చూపించుకోవడానికి వచ్చేటప్పుడు

"ఎట్లున్నడు?" అని వైద్యుడు అడిగితే "మంచిగనే ఉన్నడు సార్" అని మూడు మాటల్లో ముగిస్తారు. ఈసారి ఒక కాగితం మీద రాసుకుని రండి: ఒంటరిగా స్నానం చేస్తున్నాడా, డబ్బు లెక్క చూసుకుంటున్నాడా, ఒక పని మొదలుపెట్టి ఎంతసేపు చేస్తున్నాడు, ఏ పని మధ్యలో వదిలేస్తున్నాడు, పగలు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు. మాటలు వినిపించడం ఆగిందా అన్న ప్రశ్నకు జవాబు ఎంత ముఖ్యమో ఇవీ అంతే ముఖ్యం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. తన శుభ్రత, నలుగురితో మెలగడం, మాటను అర్థం చేసుకోవడం, పని చేసుకోవడం అనే నాలుగింటిని, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదాన్ని చూసి వైకల్యాన్ని లెక్కిస్తారు. అది 40 శాతం లేదా అంతకు మించితే ధ్రువపత్రానికి అర్హులు. పైన చెప్పిన కాగితం అక్కడ కూడా ఉపయోగపడుతుంది. "ఒళ్లు బాగానే ఉంది కదా, సర్టిఫికెట్ ఎందుకు?" అని ఎవరైనా అంటే తగ్గకండి.

రాత్రివేళ ఇబ్బంది వచ్చి ఎవరిని అడగాలో తోచకపోతే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. రోగి గురించే కాదు, మీకు నిద్ర పట్టకపోయినా చేయవచ్చు.